చాపచుట్ట రొట్టెలు

మా స్కూల్లో ఈ ఏడు పిల్లలకు నిప్పు లేని వంటల పోటీ పెట్టారు. పొయ్యి వెలిగించకూడదు, ఇంట్లో చేసి తేకూడదు, అందరి ముందూ చేసి చూపించాలి. ఏడో తరగతి ఆడపిల్లలు కొందరు కలిసి, ప్యాకెట్టులో దొరికే పల్చటి మైదా రొట్టెల మీద తెల్లటి ముద్ద ఏదో పూసి, క్యారెట్టు కోరు చల్లి, చాపలా చుట్టి, చాకుతో చక్రాలుగా కోశారు. వీటిని పిన్‌వీల్స్ అంటారని, బెంగుళూరులో ఉండే వాళ్ళ చిన్నమ్మ ఫోన్లో నేర్పిందని ఒక పిల్ల చెప్పింది. మార్కులు వేసే టీచర్లలో నేనూ ఉన్నాను. రుచి బాగానే ఉంది గానీ చుట్ట వదులుగా ఉంది, చేత్తో పట్టుకోగానే విడిపోయింది.

"గట్టిగా చుట్టాలమ్మా, లూజుగా చుడితే నిలవదు" అన్నాను. అన్న తర్వాత తెలిసింది, ఆ మాట నాది కాదని. అది మా పక్కింటి అక్క మాట. ఆ అక్క ఇంట్లో కొన్నేళ్ళ పాటు పొయ్యి వెలగలేదు. పోటీ కోసం కాదు.

మా ఊరి బంగారు గని మూతపడ్డాక కూడా మేం లైన్లోనే ఉండిపోయాం. కూలీల కోసం ఎప్పుడో కట్టిన వరస ఇళ్ళవి. ముందొక గది, వెనక ఒక మనిషి వంగి తిరిగేంత వంట చోటు, పైన రేకులు. ఆ అక్క వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అది రేకుల దాకా పోదు, పైన జానెడు సందు. వాళ్ళింట్లో దగ్గితే మాకు మెలకువ వచ్చేది. మా ఇంట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే వాళ్ళింట్లో దగ్గు మొదలయ్యేది. ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మా అమ్మే గ్రహించి, తిరగమోతలన్నీ వెనక వాకిట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ అక్క భర్తా మా నాయనా ఒకే షాఫ్టులో పనిచేశారు. మా నాయన గని మూసేయక ముందే పోయాడు. ఆ అన్న మిగిలాడు గానీ రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో మిగిలింది. మొదట దిబ్బ ఎక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత నడిస్తే వచ్చేది. చివరికి చొక్కా తొడుక్కున్నా వచ్చేది. ఆస్పత్రి వాళ్ళు ఆక్సిజన్ మిషను ఒకటి ఇప్పించారు. మంచం పక్కన పెట్టె, దాన్నుంచి ముక్కు దాకా సన్నటి గొట్టం. అది పగలూ రాత్రీ గురగురమంటూనే ఉండేది. మా అమ్మ, నేను ఆ చప్పుడులోనే తిన్నాం, పడుకున్నాం, ప్రార్థన చేసుకున్నాం.

కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. అప్పుడు మూల నిలబెట్టిన సిలిండరు తిప్పి గొట్టం దానికి తగిలించాలి. ఆ పని ఆమెకు తప్ప ఆ ఇంట్లో చేయగలిగేవాళ్ళు లేరు. వాళ్ళకు పిల్లలు లేరు. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. కాబట్టి ఆమె ఎక్కడికీ పోయేది కాదు. లైను చివర కొళాయి, అక్కడితో ఆమె లోకం సరి. అక్కడ కూడా బిందె నిండేదాకా ఇంటి వైపే చూస్తూ నిలబడేది. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేది గానీ కళ్ళు మాత్రం ఇంటి గడప మీదే ఉండేవి.

ఆక్సిజన్ ఉన్న చోట మంట పెట్టకూడదని ఆస్పత్రిలోనే చెప్పి పంపారు. మొదట్లో ఆమె స్టవ్వు వెనక వాకిట్లో పెట్టుకుని వండేది. ఒక మధ్యాహ్నం ఆమె కొళాయి దగ్గర ఉండగా, ఆయన దిండు కింద దాచుకున్న బీడీ తీసి వెలిగించాడు. ఆయన కేక వినలేదు, ఆయనకు కేక వేసే ఊపిరి లేదు. మా అమ్మ కేకే విన్నాను. నేను పోయేసరికి అక్క బిందె ఎక్కడో పడేసి వచ్చి, కాలుతున్న గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకుని లాగేసింది. ఆయన మీసం ఒక వైపు కాలిపోయింది, పెదవి బొబ్బలెక్కింది. ఆమె అరచేతిలో గొట్టం కరిగి అంటుకుంది. ఆ మచ్చ తర్వాత ఎప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రం ఆమె స్టవ్వు, అగ్గిపెట్టె, ఊదుకడ్డీలు, కర్పూరం అన్నీ ఒక గోనెసంచిలో వేసి మా అమ్మకు ఇచ్చేసింది. దేవుడి పటం ముందు ప్రమిద మాత్రం ఉంచుకుంది. అందులో వత్తి ఉండాల్సిన చోట రోజూ ఒక బంతిపువ్వు పెట్టేది. మేం క్రైస్తవులం, ఆ ప్రమిద సంగతి మాకు సంబంధం లేదు. అయినా వాళ్ళింటికి పోయినప్పుడల్లా నా కళ్ళు దాని మీదికే పోయేవి.

ఆ తర్వాత వాళ్ళ తిండి అంతా చల్లదే. నానబెట్టిన అటుకులు, నానిన పెసరపప్పులో దోసకాయ తరుగు, పెరుగు, అరటిపండు, బేకరీ బన్ను. మా అమ్మ అన్నం, చారు పంపితే తీసుకునేది గానీ రోజూ తీసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. పైగా ఆయన అన్నం తినలేకపోయేవాడు. నాలుగు మెతుకులు నమిలేలోపు ఊపిరి అందక కంచం నెట్టేసేవాడు. చొక్కా లోపల మనిషి రోజురోజుకూ చిక్కిపోతుండేవాడు. ఆమెకు అసలు భయం అదే.

అప్పట్లో మా స్కూలు టీచరు ఒకామె పెళ్ళికి బెంగుళూరు పోయి, అక్కడి సూపర్ మార్కెట్టు నుంచి మైదా రొట్టెల ప్యాకెట్టు తెచ్చి నాకు ఇచ్చింది. కాల్చే పని లేదు, అలాగే తినొచ్చని చెప్పింది. నేను దాన్ని పక్కింటికి తీసుకుపోయాను. ఆమె ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి, దీని పేరేమని అడిగింది. టార్టియా అన్నాను.

"నోరు తిరిగేది కాదు ఇది" అంది. రొట్టె ఒకటి తీసి, మడిచి, చుట్టి చూసింది. ఎక్కడా చిట్లలేదు. "చాప మాదిరి చుట్టుకుంటా ఉండాది. చాపచుట్ట రొట్టె అందాం."

వాటిని చుట్టి చక్రాలుగా కోసే వీడియో నా ఫోన్లో ఒకసారి చూపించాను, అంతే. తర్వాత అంతా ఆమె సొంతం. వీడియోలో వాళ్ళు పూసే చీజు మా ఊళ్ళో దొరకదు, దొరికినా ఆయనకు పడదు. ఆమె పెరుగును పల్చటి గుడ్డలో కట్టి కిటికీ ఊచకు వేలాడదీసేది. పొద్దున్నకు అది వెన్నలా గట్టిపడేది. దాంట్లో ఉప్పు, మిరియాల పొడి, పుట్నాల పొడి, కొత్తిమీర కలిపేది. దోసకాయ కోరి నీళ్ళన్నీ పిండేసేది, లేకపోతే రొట్టె మెత్తబడిపోతుంది. క్యారెట్టు కోరు, కొన్నిసార్లు బీట్‌రూటు. రొట్టె అంచున వేలెడు చోటు వదిలి పూసేది. చుట్టేటప్పుడు రెండు చేతుల బొటనవేళ్ళూ లోపలికి నొక్కుకుంటూ, ఊపిరి బిగబట్టి చుట్టేది. తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టి, అది బిగుసుకున్నాక కోసేది. చాకు వాడేది కాదు. పూలు కట్టే దారం చుట్ట కిందుగా పోనిచ్చి, పైన రెండు కొసలూ కలిపి లాగేది. నలగకుండా, అంచు చెదరకుండా చక్రం తెగి పక్కకు పడేది.

ఇంత చిన్నవి ఎందుకు కోస్తావక్కా అని అడిగాను.

"చిన్నగా ఉంటేనే ఆయప్ప తింటాడమ్మా. పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంటే నమలాల్నా, ఊపిరి తీసుకోవాల్నా?"

ఆయన ఒక చక్రం నోట్లో పెట్టుకునేవాడు. అది మెత్తగా, చల్లగా దానంతటదే విడిపోయేది. మింగి, కాసేపు ఊపిరి తీసుకుని, ఇంకొకటి. మిషను గురగుర మధ్య, ఒక్కో చక్రం చొప్పున, మధ్యాహ్నమంతా పట్టేది. ఆమె మంచం అంచున కూర్చుని పళ్ళెం పట్టుకునేది. నెల తిరిగేసరికి ఆయన చెంపల్లో కాస్త కండ వచ్చింది. ప్యాకెట్లు దొరకనప్పుడు మా అమ్మ వాకిట్లో పల్చటి చపాతీలు పెద్దవిగా కాల్చి, ఆరబెట్టి ఇచ్చేది. ఆ గిన్నె మా ఇంటికి ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు, నిండా చక్రాలతో వచ్చేది. నేను వాటినే స్కూలుకు పట్టుకుపోయేదాన్ని.

ఆమె పుట్టిల్లు ఆవని కొండ దగ్గర. చిన్నప్పుడు ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కిందో చెప్పేది. పైన సీతమ్మ గుడి, రాతి సందుల్లో కోతులు, జాతరప్పుడు బొరుగులూ బెల్లమూ. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఏ ఆశా ఉండేది కాదు, ఎవరో చెప్పిన కథ చెప్తున్నట్టు చెప్పేది. ఒక శనివారం మధ్యాహ్నం నేను అన్నాను, వచ్చే వారం నాకు సెలవు, రోజంతా అన్న దగ్గర కూర్చుంటాను, నువ్వు పోయి రా అని. ఆమె వద్దంది. మంచం మీద నుంచి ఆయన చెయ్యి ఎత్తి, పో అన్నట్టు ఊపాడు. రెండు మూడు రోజులు వద్దంటూనే ఉంది, ఆయన ఊపుతూనే ఉన్నాడు.

చివరికి ఒప్పుకుంది. నా సెలవు రోజు పొద్దున ఆమె చాపచుట్టలు చేసి, సగం ఆయనకు పెట్టి, సగం డబ్బాలో సర్దుకుంది. సిలిండరు ఎలా తిప్పాలో నాకు చూపించింది. మళ్ళీ చూపించింది. నా చేత చేయించి చూసింది. గడప దాటి, వెనక్కి వచ్చి, ఇంకోసారి చేయించింది. అప్పుడు పోయింది.

ఆయనకు మాట అంటే ఊపిరి ఖర్చు. బాగా పొద్దెక్కాక, బస్సెక్కి ఉంటుందా అని అడిగాడు. ఎక్కి ఉంటుందన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, మాటకు మాటకు ఆగుతూ చెప్పాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు లోపల రాయి విరిగి పడి, దారి మూసుకుపోయిందట. చీకట్లో ఇంకొకాయనతో కలిసి కూర్చున్నారట. పైన ఈమె షాఫ్టు గేటు దగ్గర తిండి లేకుండా నిలబడి ఉందట. అవతలి నుంచి కమ్మీలతో కొట్టే చప్పుడు వినపడినప్పుడు, ఇంక బతికినాం అనుకున్నారట.

"నన్ను తవ్వి పైకి తీసినారు" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆయమ్మ ఇంగా లోపలే ఉండాది. ఆయమ్మను ఎవురు తీస్తారు?"

గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసే నెపంతో లేచాను.

పన్నెండు కాకముందే తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఆమె. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, బస్సు దిగిన దగ్గర నుంచి పరుగెత్తి వచ్చినట్టుంది. మొదట మిషను వైపు చూసింది, తర్వాత ఆయన వైపు, తర్వాత నా వైపు.

"బేతమంగళంలో బస్సు మారాలని దిగినానమ్మా. బస్టాండులో హోటల్లో ఫ్యాను నిలిచిపోయింది. కరెంటు పోయింది. ఈడ కూడా పోయుంటుందని..."

"ఈడ పోలేదక్కా. పొద్దున్నుంచి ఉంది."

ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. చేతిలో డబ్బా మూత కూడా తీయలేదు. అప్పుడు ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆయన ముక్కులో గొట్టం పీకి, దుప్పటి మీదికి విసిరేశాడు.

"నేను చస్తేనే పోతావా నువ్వు?"

ఆ ఒక్క వాక్యానికే ఆయన పెదవులు నీలంగా మారాయి. ఆమె లేచింది. గొట్టం తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ ఆయన ముక్కులో పెట్టి, చెవుల వెనక సర్దింది.

"సుమ్నే ఉండు" అంది.

ఆయన ఊరకే ఉండలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆయనే నన్ను పిలిపించేవాడు. గోడ మీద వేళ్ళతో కొడితే నేను పోవాలి, ఆమె బయటికి పోవాలి. మొదట లైను బయట బస్టాపు దాకా. తర్వాత అండర్సన్‌పేట. తర్వాత రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు. తిరిగి రాగానే ఏం చూసినావు అని అడిగేవాడు. తాను వినని సంగతి ఏదో ఒకటి ఆమె చెప్పాలి. తొందరగా వచ్చేస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఆమె పట్టుకున్న పళ్ళెం ముట్టేవాడు కాదు. ఆయన తినడం కోసం ఆమె బయట ఆలస్యం చేయాల్సి వచ్చేది.

ఒకసారి మా అమ్మను అన్న దగ్గర కూర్చోబెట్టి నేనూ మార్కెట్టుకు పోయాను. అక్కడ ఆమెను చూశాను. కూరగాయల దుకాణాల మెట్ల మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా చెప్పుల దుకాణం. ఆమె చెప్పులు చూడటం లేదు. దుకాణంలో వెలుగుతున్న బల్బును చూస్తోంది. నేను దగ్గరికి పోకుండా పక్కనుంచి వచ్చేశాను. ఆ సాయంత్రం గోడ సందులోంచి వినపడింది, మార్కెట్లో ఒక ఎద్దు టమాటాల బుట్టలో మూతి పెట్టిందని, దుకాణం ఆమె దాని వెంట పడిందని ఆమె ఆయనకు చెప్తోంది. ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ ఎద్దు అక్కడ ఉందో లేదో నాకు తెలియదు, నేను మాత్రం చూడలేదు.

వానాకాలంలో ఆయన పోయాడు. కరెంటు ఉంది, మిషను నడుస్తోంది, సిలిండరు నిండుగా ఉంది. ఆమె పక్కనే ఉంది. మధ్యాహ్నం ఒక చక్రం నోట్లో పెట్టుకుని, మింగకుండా, ఆమె చెయ్యి పట్టుకున్నాడట. అంతే. తలాపున దీపం పెట్టడానికి బంధువులు అగ్గిపెట్టె అడిగితే ఆ ఇంట్లో లేదు. మా అమ్మ మా ఇంట్లోది పట్టుకుపోయి ఇచ్చింది. పుల్ల గీసిన చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, గీసినవాళ్ళ చెయ్యి పట్టుకుంది. ఆయన ముక్కులో గొట్టం లేదని గుర్తుకొచ్చాక వదిలింది.

ఆస్పత్రి వాళ్ళు వచ్చి మిషను, సిలిండరు తీసుకుపోయారు. ఆ నిశ్శబ్దానికి మాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ గోనెసంచి దులిపి స్టవ్వు తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడైనా పక్కింటి నుంచి తిరగమోత వాసన వస్తుందని చూశాం. రాలేదు. ఆమె అటుకులు నానబెట్టుకుని తినేది. చాపచుట్టలు మాత్రం మళ్ళీ చేయలేదు, ఎవరి కోసం చేయాలి అని కూడా అనలేదు, అడిగితే పెరుగు లేదనేది. శనివారాలు నేను పిలిస్తే, ఇల్లు ఎవరు చూస్తారని అనేది. చూడటానికి ఆ ఇంట్లో ఏమీ లేదు.

అన్నిటికంటే కష్టంగా ఉండేది కరెంటు పోయినప్పుడు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా దిగ్గున లేచేది. మా ఇంట్లో కూర్చుని పూలు కడుతుంటే పూలన్నీ కింద పడేవి. లేచి, తలుపు దాకా పోయి, అక్కడ నిలబడి, ఏం చేయాలో తెలియక మళ్ళీ వచ్చి కూర్చునేది. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

అలా ఒక ఏడాది పైనే గడిచింది. తర్వాత లైన్లో ఒకామె వేమగల్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో కూరగాయలు తరిగే పనికి మనుషులు కావాలంటున్నారని చెప్పింది. అక్క రెండుసార్లు కాదంది. మూడోసారి, ఎందుకో, పోయింది. కొన్నాళ్ళు కంపెనీ బస్సులో పోయి వచ్చేది, తర్వాత అక్కడే ఆడవాళ్ళతో కలిసి గది తీసుకుంది. మొదట్లో పెద్ద పొయ్యిలున్న వైపు పోయేది కాదట. తరిగిన కూరగాయలు గంపల్లో పెట్టి, దూరం నుంచే నెట్టేదట. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు లేచి నిలబడితే, పక్కన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళట. ఎందుకు లేచిందో ఆమె చెప్పలేదు వాళ్ళకు. నాకు మాత్రం ఒకటి చెప్పింది.

"ఆడ కిటికీలు ఉండవమ్మా. అయినా సాయంత్రం బెల్లు కొడతారు. బెల్లు కొడితే అందురూ బయటికి పోవాల్సిందే. ఉండమన్నా ఉండనియ్యరు."

పోయిన వేసవిలో ఒక ఆదివారం మమ్మల్ని చూడటానికి వచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. సాయంత్రం మా గడప మీద కూర్చుని క్యాంటీన్ వంటవాడి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది. సాంబారులో పప్పు ఉడకనియ్యడట, చింతపండు ముందే పోసేస్తాడట. అంతలో కరెంటు పోయింది. లైనంతా ఒక్కసారి చీకటైంది. మా అమ్మా నేనూ ఇద్దరం ఒకేసారి ఆమె వైపు చూశాం. నేనైతే సగం లేచాను కూడా.

ఆమె కదల్లేదు. చీకట్లో గొంతు వినపడుతూనే ఉంది, నిన్న తానే వాణ్ణి పక్కకు నెట్టి పొయ్యి దగ్గర నిలబడినానని, పప్పు ఉడికిందాకా గరిటె వాడి చేతికి ఇయ్యలేదని, తిన్నవాళ్ళంతా ఇదెవురు చేసినారని అడిగినారని.